ఇరవై ఐదు సులువే, ఐదే కష్టం

ఐర్లాండ్‌లో ఏప్రిల్ నెల మామూలు రోజు ఇలా ఉంటుంది. పొద్దున ఏడింటికి కారు అద్దం మీద పలచటి మంచు పొర. గీకి తీస్తే గానీ రోడ్డు కనబడదు. పదింటికల్లా ఆకాశం నీలంగా తేలి, ఎండ కళ్ళలో పొడుస్తుంది. జాకెట్ విప్పి చేతి మీద వేసుకునే లోపే పడమటి నుంచి ఒక నల్లమబ్బు వచ్చి, పది నిమిషాలు వడగళ్ళు కొట్టి వెళ్ళిపోతుంది. పేవ్‌మెంట్ మీద ఆ తెల్లటి గింజలు కరగకముందే మళ్ళీ ఎండ. పెరట్లో బట్టలు ఆరేసినవాళ్ళు లోపలికీ బయటికీ మూడుసార్లు తిరుగుతారు. గాలి, ఎండ రెండూ కలిసొచ్చిన రోజును అక్కడ "గ్రేట్ డ్రయింగ్" అని మెచ్చుకుంటారు. బట్టలు ఆరడం గురించి ముచ్చటించుకోవాల్సి వచ్చిందంటే వాతావరణం ఎలాంటిదో అర్థమవుతుంది. "ఒకే రోజులో నాలుగు కాలాలు" అనే మాట టూరిస్టుల కోసం పుట్టింది కాదు.

అదే ఊళ్ళో రెండు మూడు రోజులు వరుసగా ఎండ కాసి, ఉష్ణోగ్రత 20 దాటితే చాలు. ఆఫీసు లిఫ్టులో, సూపర్ మార్కెట్ క్యూలో "హీట్‌వేవ్" అనే మాట మొదలవుతుంది. పేపర్లు "స్కార్చర్" అని పెద్దక్షరాల్లో వేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో, నర్సు ఉద్యోగానికో, చదువుకో కొత్తగా డబ్లిన్ వచ్చిన తెలుగువాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. భారతదేశంలో 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. ఐర్లాండ్‌లో హీట్‌వేవ్ లెక్క మొదలయ్యేది 25 దగ్గర. అంటే మనవాళ్ళు చల్లదనం కోసం పెట్టుకునే అంకెకూ, అక్కడ జనం చెమటలు తుడుచుకునే అంకెకూ మధ్య తేడా ఒకే ఒక్క డిగ్రీ.

నవ్వుకోవడం తేలికే. కానీ నిర్వచనంలో అసలు మెలిక 25లో లేదు.

ఐర్లాండ్ జాతీయ వాతావరణ సంస్థ పేరు మెట్ ఏరన్. దాని లెక్కలో హీట్‌వేవ్ అంటే, ఒకే కేంద్రంలో వరుసగా 5 రోజులు, ప్రతిరోజూ నీడలో కొలిచిన గరిష్ఠ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటడం. ఈ వాక్యంలో ప్రతి మాటా ఒక షరతే. ఒకే కేంద్రంలో అంటే సోమవారం కార్లోలో, మంగళవారం షానన్‌లో 25 దాటిందని కలిపి లెక్కేయడం కుదరదు. వరుసగా అంటే మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నీడలో అంటే థర్మామీటరు మీద ఎండ నేరుగా పడకూడదు, గాలి మాత్రం ఆడాలి. అందుకే వాతావరణ కేంద్రాల్లో తెల్లరంగు వేసిన, చుట్టూ సందులున్న పలకల పెట్టెలు కనిపిస్తాయి. పచ్చగడ్డి నేల మీద, నడుముకు కాస్త పైఎత్తులో, దాదాపు 1.25 మీటర్ల దగ్గర లోపలి పరికరం ఉంటుంది. పార్కింగ్‌లో రెండు గంటలు ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు 30 చూపించిందని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ 30 తారు రోడ్డుది, కారు రేకుది. గాలిది కాదు.

ఇప్పుడు ఊహకు రెండు కేంద్రాలు తీసుకుందాం. మొదటి చోట అయిదు రోజుల గరిష్ఠాలు 26.1, 27.8, 28.3, 24.8, 27.0. రెండో చోట 25.1, 25.2, 25.1, 25.3, 25.1. మొదటి ఊరివాళ్ళు మూడో రోజు రాత్రి నిద్రపట్టక కిటికీలన్నీ తెరిచి పడుకుని ఉంటారు. అయినా అక్కడ హీట్‌వేవ్ లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పైన ఒక పలచటి మబ్బు తెర అడ్డం పడి 24.8 దగ్గర ఆపేసింది కాబట్టి. రెండో ఊళ్ళో జనం హాయిగా ఐస్‌క్రీమ్ తింటూ గడిపారు. రికార్డుల్లో హీట్‌వేవ్ వాళ్ళకే దక్కింది. నిర్వచనం అన్నాక ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీత పక్కన ఇలాంటి చిత్రాలు తప్పవు. కానీ ఐర్లాండ్‌లో ఈ గీత చాలాసార్లు తెగేది 25 దగ్గర కాదు. 5 దగ్గర.

అలా ఎందుకు తెగుతుందో తెలియాలంటే మ్యాప్‌లో ఆ దీవి ఎక్కడుందో చూడాలి. దాదాపు 51.5 నుంచి 55.5 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, అట్లాంటిక్ సముద్రం అంచున, యూరప్ మొత్తానికీ వీధి గుమ్మంలా ఉంటుంది. నేల నుంచి పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే వేగమైన గాలుల ధార, జెట్ స్ట్రీమ్, చాలా రోజులు ఈ దీవి మీదుగానో పక్క నుంచో పోతుంది. అట్లాంటిక్‌లో పుట్టే అల్పపీడనాలు ఆ ధార పట్టుకుని ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మన బంగాళాఖాతం అల్పపీడనం ఏడాదికి కొన్నిసార్లు వచ్చే చుట్టం. అక్కడ అది రోజూ పొద్దున పాలప్యాకెట్ వేసే మనిషి లాంటిది. తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 రోజులు, పడమటి తీరంలో 225 రోజుల దాకా ఒక మిల్లీమీటరు, ఆపైన వాన పడుతుంది. ఎక్కువసార్లు అది కుండపోత కాదు. ముఖానికి తడి తగులుతుందే గానీ చినుకు కనిపించని అలాంటి తుంపర రోజును "సాఫ్ట్ డే" అంటారు.

వసంతంలో దీనికి ఇంకో గొడవ తోడవుతుంది. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఆ లెక్కన ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐర్లాండ్ చుట్టూ నీళ్ళు ఏడాది మొత్తంలో అతి చల్లగా, 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. నేల సంగతి వేరు. ఏప్రిల్ 20 నాటి సూర్యుడూ, ఆగస్టు 22 నాటి సూర్యుడూ ఆకాశంలో ఒకే ఎత్తున ఉంటారు. అంటే ఏప్రిల్ ఎండ ఆగస్టు ఎండే, గాలి మాత్రం ఇంకా చలికాలానిది. ధ్రువ ప్రాంతం నుంచి వాయవ్యం వైపుగా వచ్చి దిగిన చల్లగాలి సముద్రం మీద తేమ తాగి వచ్చి, ఎండకు వెచ్చబడ్డ నేల మీదకు చేరగానే కింద వెచ్చన, పైన గడ్డకట్టే చలి. గాలి పైకి తన్నుకుపోయి మబ్బు గోపురంలా లేస్తుంది. కాసేపటికే వడగళ్ళు. మబ్బుకూ మబ్బుకూ మధ్య సందులో మళ్ళీ అదే ఎండ. రాత్రయ్యేసరికి నేల చల్లబడి జల్లులు ఆగిపోతాయి, ఆకాశం తేటపడుతుంది, తెల్లారేసరికి కారు అద్దం మీద మంచు. పైన చెప్పిన ఏప్రిల్ రోజు వెనకున్న యంత్రం ఇదే. అందుకే టీవీ వాతావరణ వార్తల్లో "సన్‌షైన్ అండ్ షవర్స్" అనే మాట అరిగిపోయిన రికార్డులా వినిపిస్తుంది. అది తప్పించుకునే జోస్యం అనుకుంటారు గానీ, నిజానికి అంతకన్నా కచ్చితంగా చెప్పడానికి ఏమీ లేదు. ఏ వీధిలో ఏ పది నిమిషాలు పడుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

జెట్ స్ట్రీమ్ వంకర తిరిగి, ఒక అధికపీడనం ఐర్లాండ్ మీదో, దానికి తూర్పునో వచ్చి కూర్చుంటే మాత్రం ఈ నాటకమంతా ఆగిపోతుంది. అల్పపీడనాలు పైనుంచో కిందనుంచో దారి మళ్ళించుకుంటాయి. గాలి పైనుంచి కిందికి దిగుతూ వేడెక్కి, మబ్బును కరిగించేస్తుంది. వసంతంలో ఇలాంటి అడ్డుకట్టలు తరచుగానే పడతాయి. చాలా చోట్ల ఏప్రిల్ పొడి నెల, మే, జూన్ నెలలు ఎక్కువ ఎండ కాసే నెలలు కావడం కొత్తవాళ్ళు నమ్మని నిజం. సగటున రోజుకు 5 నుంచి 6.5 గంటల ఎండ ఆ రెండు నెలల్లోనే.

ఇక్కడే తెలుగు పాఠకులు ఒక మాట దగ్గర ఆగాలి. మన పేపర్లు హీట్‌వేవ్‌ను వడగాల్పులు అని రాస్తాయి. మనకు ఆ మాట సరిగ్గా అతుకుతుంది. వాయవ్యం నుంచి ఎండిన నేల మీదుగా వచ్చే పొడిగాలి తెలంగాణను, కోస్తాను కాలుస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది. ఐర్లాండ్‌లో వేడి గాలితో రాదు, చాలాసార్లు గాలి ఆగితే వస్తుంది. ఆకు కదలని నిశ్చలమే అక్కడి హీట్‌వేవ్. గాలి లేచిందంటే అది అయిపోయిందని అర్థం. కాబట్టి ఐర్లాండ్‌లో వడగాల్పులు అని రాస్తే పాఠకుడి మనసులో తప్పు బొమ్మ పడుతుంది. హీట్‌వేవ్ అని ఉంచేయడమే మేలు.

అయితే గాలి దిశ లెక్కలోకి రాదని కాదు. వసంతంలో వేడి ఎక్కడ పడుతుందో నిర్ణయించేది అదే. అధికపీడనం తూర్పున ఉంటే గాలి తూర్పు నుంచి వస్తుంది. డబ్లిన్ తీరానికి చేరేముందు అది 9, 10 డిగ్రీల ఐరిష్ సముద్రాన్ని దాటాలి. హౌత్ రేవులో జనం కోట్లు వేసుకుని, సముద్రం మీద నుంచి పాకే పొగమంచును చూస్తూ ఉంటారు. అదే గాలి దీవి అంతా దాటి, పొద్దంతా కాగిన నేల మీదుగా వెళ్ళి, కొండలు దిగి పడమటి తీరం చేరేసరికి బాగా వెచ్చబడుతుంది. రాజధానిలో 13, గాల్వేలో 23 ఉండే రోజులు అలా వస్తాయి. రికార్డులు కూడా ఈ మాటే చెబుతాయి. 1984 ఏప్రిల్ 26న 25.8 డిగ్రీలు నమోదైన గ్లెంటీస్ ఉన్నది డోనెగాల్ కౌంటీలో, అంటే దేశానికి వాయవ్య మూల, మామూలుగా వానకు, గాలికి పేరుపడ్డ చోట. మే నెల రికార్డు 28.4, 1997 మే 31న నైరుతి మూలన కెర్రీలోని ఆర్డ్‌ఫర్ట్ దగ్గర. 2025 ఏప్రిల్ 30న దాదాపు 26 చూసిన ఆథెన్‌రై గాల్వే కౌంటీలోది. మార్చి ఒక్కటే ఎదురు తిరిగింది. 1965 మార్చి 28న 23.6 డిగ్రీలు నమోదైంది డబ్లిన్ నడిబొడ్డున, ట్రినిటీ కాలేజీలో.

ఈ అంకెలను నిర్వచనం పక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ చరిత్ర మొత్తంలో అతి వేడి రోజే 25ను అలా తాకి వచ్చేసింది. మార్చి ఆ గడప కూడా ఎక్కలేదు. మార్చి నుంచి మే దాకా వసంతంగా లెక్కేసే మెట్ ఏరన్ 2025ను రికార్డుల్లోకెల్లా వెచ్చని వసంతంగా, ఎక్కువ ఎండ కాసిన వసంతంగా రాసుకుంది. అయినా ఆ ఏప్రిల్‌లో హీట్‌వేవ్ లేదు. అంటే ఏప్రిల్‌లో లిఫ్టులో వినిపించే "హీట్‌వేవ్" ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నిజం కాలేదు.

అది నిర్వచనం లోపమా? కొంతవరకు అవును. స్థిరమైన అంకె పెట్టుకున్న చోట క్యాలెండర్‌కు విలువ ఉండదు. భారత వాతావరణ విభాగం ఇంకో దారి పట్టింది. మైదానాల్లో గరిష్ఠం కనీసం 40, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 చేరాలి. ఆ పైన ఆ చోట ఆ రోజుల్లో మామూలుగా ఉండే దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదంటే సాధారణంతో పని లేకుండా 45 దాటాలి. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, రెండు రోజులు అలా ఉంటే రెండో రోజు ప్రకటిస్తారు. అందుకే మే నెలలో ఖమ్మంలో 41 ఉన్నా, అది అక్కడ మామూలే కాబట్టి, పేపర్లో వడగాల్పుల ప్రకటన ఉండకపోవచ్చు. "నలభై ఒకటి ఉంటే వడగాలి కాదంటారేంటి" అని మన దగ్గర విసుక్కోవడం, "ఇరవై రెండుకే హీట్‌వేవ్ అంటారేంటి" అని అక్కడ నవ్వుకోవడం, రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు. మొదటిది సాధారణం నుంచి ఎంత తేడా అని అడిగే లెక్క. రెండోదాంట్లో జనం తెలియకుండానే అదే అడుగుతున్నారు, వాళ్ళ ప్రభుత్వ లెక్క మాత్రం అలా అడగదు.

వాతావరణ పరిశోధకులు ఒకప్పుడు ఎక్కువగా వాడిన ఇంకో కొలత ఉంది. సాధారణ గరిష్ఠం కన్నా 5 డిగ్రీలు ఎక్కువగా, వరుసగా 5 రోజులకు పైగా ఉంటే ఉష్ణ తరంగం. ఐర్లాండ్‌లో ఏప్రిల్ గరిష్ఠం సగటున 12, 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ కొలత పెట్టి చూస్తే ఏప్రిల్‌లో ఆరు రోజులు వరుసగా 20 ఉన్నా ఉష్ణ తరంగమే! లిఫ్టులో మాట్లాడుకునేవాళ్ళు ఆ లెక్కన మరీ అంత తప్పు కాదు. కానీ 20 డిగ్రీలకు ఎవరికీ వడదెబ్బ తగలదు, కాబట్టి అలాంటి వసంతపు వెచ్చదనాన్ని "వార్మ్ స్పెల్" అనడమే సబబు. భారత లెక్కలో 40, 37 అనే కనీస అంకెలు పెట్టిందీ ఈ తిరకాసు రాకుండానే.

పక్క దేశాలవి చూస్తే ఎవరి గీత వారిదే. స్వీడన్‌లో 5 రోజులు 25. నెదర్లాండ్స్‌లో ఆ అయిదింటిలో కనీసం మూడు రోజులు 30 కావాలి, అదీ డె బిల్ట్ అనే ఒకే కేంద్రంలో. బ్రిటన్‌ది ఇంకా చిత్రం. అక్కడ మూడు రోజులు చాలు, కానీ కౌంటీని బట్టి గీత 25 నుంచి 28 దాకా మారుతుంది. లండన్‌కు 28, ఉత్తర ఐర్లాండ్‌కు 25. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం కాబట్టి దానికి బ్రిటన్ లెక్క. దాంతో ఒకే దీవి మీద రెండు నిర్వచనాలు నడుస్తున్నాయి. సరిహద్దుకు అటు న్యూరీ, ఇటు డండాక్. మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు. రెండు ఊళ్ళలోనూ నాలుగు రోజులు 26 ఉండి, అయిదో రోజు వాన పడిందనుకోండి. న్యూరీలో హీట్‌వేవ్ వచ్చి వెళ్ళింది. డండాక్‌లో నాలుగు మంచి రోజులు గడిచాయి, అంతే. కారులో అరగంట పట్టని దూరంలో అదే గాలికి రెండు పేర్లు. 25 రెండు చోట్లా ఒకటే, తేడా అంతా మూడుకూ అయిదుకూ మధ్యే.

ఆ రెండు అదనపు రోజులు ఐర్లాండ్‌లో ఎంత బరువో అక్కడ కొన్నేళ్ళు ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. అధికపీడనం వంద కిలోమీటర్లు అటు జరిగితే గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. బలహీనమైన ఒక మబ్బు వరస వాన లేకుండా దాటిపోయినా గరిష్ఠం 27 నుంచి 21కి పడిపోతుంది. అందుకే దేశంలో ఏదో ఒక కేంద్రం 25 దాటే రోజులు దాదాపు ప్రతి వేసవిలో వస్తాయి గానీ, ఒకే కేంద్రంలో అయిదు రోజులు నిలబడడం ప్రతి ఏడాదీ జరగదు. జరిగేది ఎక్కువగా జూన్ చివర, జులై నెలల్లోనే, అదీ సముద్రానికి దూరంగా ఉన్న లోపలి కౌంటీల్లో.

జూన్ అనగానే ఐరిష్ వాళ్ళు "లీవింగ్ సర్ట్ వెదర్" అంటారు. మన ఇంటర్ పరీక్షల లాంటి లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలు జూన్ మొదట్లో మొదలవుతాయి. పాపం, పిల్లలు హాల్లో కూర్చునే వారమే బయట ఎండ విరగకాస్తుందని అక్కడి నమ్మకం. అవి దాదాపు మన రోహిణి కార్తె చివరి రోజులు. ఇంకో విచిత్రం, ఎండ తీవ్రంగా ఉంటే ఐరిష్ వాళ్ళు "ఎండకు రాళ్ళు పగులుతున్నాయి" అంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెప్పే మాటే. పోలిక మాటల దగ్గరే ఆగుతుంది. ఐర్లాండ్‌లో అధికారికంగా ఇప్పటికీ అత్యధిక ఉష్ణోగ్రత 1887 జూన్ 26న కిల్కెనీ కోటలో నమోదైన 33.3. రెంటచింతలలో మే నెల అంకెల ముందు అది చల్లటి రోజే. పైగా ఆ 33.3 మీద కూడా అనుమానాలున్నాయి. అదే రోజు ఇతర కేంద్రాల్లో రాసుకున్న అంకెలతో పొసగడం లేదని మేనూత్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరిశీలనలో చెప్పారు. అది పక్కకు పెడితే ఆఫలీ కౌంటీలోని బూరాలో 1976 జూన్ 29 నాటి 32.5, డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 2022 జులై 18 నాటి దాదాపు 33 మిగులుతాయి. సరిహద్దుకు అటు ఉత్తర ఐర్లాండ్ రికార్డు 31.3, 2021 జులైలో కాసిల్‌డెర్గ్‌లో.

33కే దేశం తల్లడిల్లడం చూసి నవ్వే ముందు ఇళ్ళ సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి ఇల్లు వేడిని బయటకు పోనివ్వకుండా కట్టిన పెట్టె. గోడల్లో ఇన్సులేషన్, కిటికీలకు రెండు పొరల అద్దాలు, పైకప్పు కింద పడకగదులు, సీలింగ్ ఫ్యాన్ ఉండదు, ఏసీ అసలే ఉండదు. జూన్‌లో పదిహేడు గంటలు పగలే. మూడో రోజుకు మేడ మీది గది పెనంలా కాగుతుంది. ఎండాకాలమంతా 42 చూసిన విజయవాడ మనిషి కూడా అక్కడ 28 డిగ్రీల రాత్రి టేబుల్ ఫ్యాన్ కోసం షాపులు తిరుగుతాడు, ఆపాటికి అవన్నీ అయిపోయి ఉంటాయి.

వసంతం ఎప్పుడు మొదలవుతుందన్న దాని మీద కూడా ఐర్లాండ్‌లో ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయం ప్రకారం ఫిబ్రవరి 1, సెయింట్ బ్రిజిడ్ పండుగతో వసంతం. 2023 నుంచి ఆ పండుగకు ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. మెట్ ఏరన్ లెక్కలో మార్చి, ఏప్రిల్, మే. ఫిబ్రవరిలో వసంతం అంటే మంచులో నిలబడి మామిడి పూత గురించి మాట్లాడినట్టే. కానీ పొద్దు పెరగడాన్ని వాళ్ళు కాలంగా లెక్కేస్తారని గ్రహిస్తే అందులో అర్థం కనిపిస్తుంది. "సాయంత్రాలు భలే సాగుతున్నాయి" అనే అర్థం వచ్చే మాట, "గ్రాండ్ స్ట్రెచ్", ఫిబ్రవరి నుంచే మొదలు.

ఈ నమ్మలేని కాలం గురించి పల్లెల్లో ఒక ఆవు కథ ఉంది. ముసలి చారల ఆవు ఒకటి మార్చి నెల దాటగానే, "నన్ను నువ్వేం చేయగలిగావు" అని మార్చిని ఎగతాళి చేసిందట. మార్చికి కోపం వచ్చి ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అప్పు తీసుకుని, గాలివానతో ఆవు ప్రాణం తీసి, తోలు ఒలిచిందట. ఏప్రిల్ మొదటి రోజులను ఐరిష్ భాషలో చారల ఆవు రోజులు అంటారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో మళ్ళీ ఒక చలి విడత వస్తుంది. దాని పేరు స్కారవీన్, కోకిలల కాలపు మొరటు వాతావరణం అని మూలార్థం. మనకు కోకిల కూస్తే ఉగాది పచ్చడి గుర్తొస్తుంది. వాళ్ళకు కోకిల వచ్చిందంటే స్వెట్టరు ఇంకా లోపల పెట్టకూడదని గుర్తు.

ఆవు కథ ఉత్త కథ కాదు. నేల 6 డిగ్రీల దాకా వెచ్చబడితే గానీ గడ్డి సరిగ్గా పెరగదు. పాడి మీద బతికే రైతుకు మార్చి ముగిసేసరికి దాచిన మేత అయిపోతుంది, ఏప్రిల్ చల్లగా ఉంటే పొలంలో కొత్త గడ్డి ఉండదు. 2013 వసంతంలో అదే జరిగి బయటి దేశాల నుంచి ఎండుగడ్డి తెప్పించుకోవాల్సి వచ్చింది. 2018లో మళ్ళీ అదే మేత కరువు. ఆ ఏడాది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో తూర్పు నుంచి మంచు తుఫాను వచ్చి దేశమంతా మూతపడింది, షాపుల్లో బ్రెడ్ మాయమైంది. సరిగ్గా నాలుగు నెలలకు, జూన్ 28న, షానన్ విమానాశ్రయంలో 32 డిగ్రీలు. జులైలో తోటలకు పైపుతో నీళ్ళు పెట్టడం మీద నిషేధం. ఎండిన పొలాల్లో పైరు రంగు తేడాగా పడి, రాతియుగపు సమాధికి పేరుపడ్డ న్యూగ్రేంజ్ దగ్గర వేల ఏళ్ళ నాటి వలయాకార కట్టడపు ఆనవాళ్ళు డ్రోన్ కెమెరాకు దొరికాయి. మంచు, మేత కరువు, హీట్‌వేవ్, కరువు, పురావస్తు ఆవిష్కరణ, అన్నీ ఆరు నెలల్లోపే.

మెట్ ఏరన్ 1991 నుంచి 2020 వరకు సగటులను 1961 నుంచి 1990 వరకు సగటులతో పోల్చి చూసింది. ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు, వాన 7 శాతం పెరిగాయి. 0.7 చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ 24.8 దగ్గర ఆగిపోయే నాలుగో రోజుకు కావాల్సింది అంతకన్నా తక్కువే. 2025 వేసవి కూడా ఐర్లాండ్ రికార్డుల్లో అతి వెచ్చనిది. 25 అనే గీత కదలకుండా ఉండి, కింద నేల పైకి లేస్తుంటే, గీత దాటే వారాలు పెరగడం లెక్కల విషయమే. ఏదో ఒక రోజు గీతను మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. లండన్ చుట్టూ కొన్ని కౌంటీలకు బ్రిటన్ 2022లో గీతను ఒక డిగ్రీ పెంచింది కూడా. ఐర్లాండ్ తన 25ను ఎన్నాళ్ళు అట్టేపెట్టుకుంటుందో చూడాలి. పెంచితే వేడి తగ్గదు, పేరు మాత్రం పోతుంది.

వసంతం విషయంలో మాత్రం హీట్‌వేవ్ అనే పేరు వచ్చిందా లేదా అన్నది పెద్దగా పనికొచ్చే ప్రశ్న కాదు. ఏప్రిల్‌లో గాలి 14 డిగ్రీలే ఉన్నా ఎండ ఆగస్టుది కాబట్టి తెల్లని చర్మం కమిలిపోతుంది. అందుకే అక్కడి ఆరోగ్య శాఖ ఎండ జాగ్రత్తలు జూన్‌లో కాదు, ఏప్రిల్ నుంచే చెప్పడం మొదలుపెడుతుంది. వెచ్చని మధ్యాహ్నం చూసి సముద్రంలో దూకితే నీళ్ళు పది డిగ్రీలే, ఊపిరి పట్టేస్తుంది. ఇక నిప్పు సంగతి. చలికాలంలో ఎండిపోయిన పాత గడ్డి కొండల మీద అలాగే పరుచుకుని ఉంటుంది, కొత్త పచ్చదనం ఇంకా రాదు, తూర్పు గాలి తేమ లేకుండా వీస్తుంది. కొండ పొదలు తగలబెట్టడం చట్టప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా నిషేధమైనా, పెద్ద మంటలు లేచేది ఎక్కువగా ఏప్రిల్‌లోనే. దేశంలో బాగా వానపడే మూలల్లో ఒకటైన కిలార్నీ జాతీయ ఉద్యానవనం 2021 ఏప్రిల్ చివరి వారంలో వేల ఎకరాలు తగలబడింది. మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లు తేవాల్సి వచ్చింది. ఆ నెల వాన తక్కువ, ఎండ ఎక్కువ, రాత్రుళ్ళు నేల మీద మంచు. ఉష్ణోగ్రత 25 దరిదాపులకు కూడా రాలేదు.